హేగ్ థిమున్‌కి స్కూల్ పిల్లలతో మొదటిసారి: వీసా, ప్రిపరేషన్ సంగతులు చెప్పండి

ప్రశ్న – స్కూల్ కోఆర్డినేటర్, హైదరాబాద్

నమస్కారం అండి. జనవరి చివర్లో ద హేగ్ ఇంటర్నేషనల్ మోడల్ యునైటెడ్ నేషన్స్‌కి, అదే థిమున్‌కి (విద్యార్థులు దేశాల ప్రతినిధులుగా ఐక్యరాజ్యసమితి తరహాలో చర్చించే నెదర్లాండ్స్‌లోని సదస్సు), 9 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లం వెళ్తున్నాం. పిల్లలు 15–17 ఏళ్ల వాళ్లు. ప్రాతినిధ్యం వహించడానికి మాకు కజకిస్తాన్ వచ్చింది. ఇక్కడి మన్‌లు (మోడల్ యునైటెడ్ నేషన్స్ సదస్సులు) అందరికీ అలవాటే, విదేశం మాత్రం ఇదే మొదలు. అయ్యాక పారిస్ కూడా చూపించమని తల్లిదండ్రులు అడుగుతున్నారు. వీసా ఎప్పుడు మొదలుపెట్టాలి? ఇక్కడి ప్రిపరేషన్ అక్కడ సరిపోతుందా?

జవాబు 1 – వీసా కాగితాలు

ముందు పారిస్ సంగతి తేల్చుకోండి. షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) ఎక్కువ రోజులు ఉండే దేశానికే అప్లై చేయాలి. హేగ్‌లో 6 రాత్రులు, పారిస్‌లో 2 అయితే నెదర్లాండ్స్. పారిస్‌దే ఎక్కువైతే ఫ్రాన్స్. అప్లై చేశాక ప్లాన్ మారిస్తే చిక్కే.

అప్లికేషన్ 6 నెలల ముందు నుంచి తీసుకుంటారు, ప్రయాణానికి 15 రోజుల ముందుతో గడువు అయిపోతుంది. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అదనపు పరిశీలన పడితే 45 దాకా. మీరు అక్టోబర్‌లోనే వేసేయండి. వేలిముద్రల కోసం పిల్లలంతా స్వయంగా రావాలి, 9 మందికి ఒకే రోజు స్లాట్లు దొరకడం కష్టం. గత 59 నెలల్లో షెంగెన్‌కి వేలిముద్రలు ఇచ్చినవాళ్లవి మళ్లీ వాడుకోవచ్చు.

పాస్‌పోర్టులు ఈ వారమే చూడండి. మైనర్ల పాస్‌పోర్ట్ మామూలుగా 5 ఏళ్లకో 18 నిండగానో, ఏది ముందైతే దానికి ముగుస్తుంది. మీ 17 ఏళ్ల పిల్లల దగ్గర సమస్య వచ్చేది ఇక్కడే. షెంగెన్ వదిలిన తేదీ తర్వాత ఇంకా 3 నెలల గడువు, 2 ఖాళీ పేజీలు ఉండాలి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ అంతటికీ వర్తించేలా తీసుకోండి.

అమ్మానాన్నలిద్దరి సమ్మతి పత్రం నోటరీ చేయించండి. తండ్రి గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటే సంతకం అక్కడే చేసి, భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాలి. కొరియర్‌తో కలిపి వారాలు పడుతుంది, మన ఇళ్లల్లో ఆలస్యమయ్యేది ఎక్కువగా ఈ ఒక్క కాగితమే. ఒక కాపీ పిల్లల చేతి బ్యాగులోనే ఉంచండి, సరిహద్దు పోలీసులు అడగొచ్చు.

జవాబు 2 – మన్ ట్రైనర్

ప్రిపరేషన్ సరిపోదండి, పద్ధతే వేరు. ఇక్కడ చాలా చోట్ల మోడరేటెడ్ కాకస్‌లో (చైర్, అంటే సభ నడిపేవారు, పిలిచినప్పుడు ఒక్కొక్కరు కొద్దిసేపు మాట్లాడే చర్చ) మాట్లాడి, తీర్మానం ముసాయిదాని కమిటీలోనే రాస్తారు, ముందే రాసి తెస్తే తప్పు. థిమున్‌లో సొంత క్లాజులు (తీర్మానంలోని అంశాలు) రాసుకునే రావాలి. లాబీయింగ్‌లో, అంటే చర్చకు ముందు మిగతా డెలిగేట్లతో మంతనాలాడే సమయంలో, వాటిని మిగతా దేశాల వాటితో కలిపి ఒక తీర్మానం చేస్తారు. ఖాళీ చేతులతో వచ్చిన డెలిగేట్ ఎవరో ఒకరి దానికి సంతకం పెట్టి ఊరుకోవాల్సి వస్తుంది. ఒక్కొక్కరు తమ అంశం మీద 4–5 ఆపరేటివ్ క్లాజులైనా (ఏం చేయాలో చెప్పేవి) రాసుకోవాలి. ఎవరు, ఎవరి డబ్బుతో, ఎప్పటిలోగా చేయాలో ప్రతి క్లాజులోనూ ఉండాలి. 'డిమాండ్స్' లాంటి ఆజ్ఞాపించే మాటలు భద్రతామండలికే, మిగతా కమిటీల్లో 'అర్జెస్', 'రిక్వెస్ట్స్'.

'నేను' అనకూడదు, 'ఈ డెలిగేట్' అనో దేశం పేరుతోనో మాట్లాడాలి. పాయింట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ (మాట్లాడిన డెలిగేట్‌ని అడిగేది) ప్రశ్నలాగే ఉండాలి. పిల్లలు చిన్న ఉపన్యాసం ఇచ్చి చివర్లో 'అంగీకరిస్తారా?' అని తగిలిస్తారు, చైర్ ఆపేస్తారు. క్లోజ్డ్ డిబేట్‌లో తీర్మానానికి అనుకూలంగా మాట్లాడే సమయం, వ్యతిరేకంగా మాట్లాడే సమయం వేరు, సవరణలు వ్యతిరేక సమయంలోనే. గడియారం పెట్టి దీన్ని ఇంట్లోనే రెండు మూడుసార్లు ఆడించండి.

కజకిస్తాన్ మంచి కేటాయింపు. భారత్ అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో లేదు. కజకిస్తాన్ దానిలో ఉండటమే కాదు, అణ్వస్త్ర నిషేధ ఒప్పందాన్ని 2019లో ధ్రువీకరించింది కూడా. అక్కడి సెమిపలాటిన్స్క్ అణుపరీక్షా కేంద్రాన్ని 1991 ఆగస్టు 29న మూసేశారు, అణుపరీక్షల వ్యతిరేక దినం ఆ తేదీనే. నిరాయుధీకరణ కమిటీలో మన పిల్లలు అలవాటుగా భారత్ వాదన వినిపించే ప్రమాదం ఉంది. ఐక్యరాజ్యసమితి డిజిటల్ లైబ్రరీలో ఓటింగ్ రికార్డులు ఉంటాయి, ఒక్కో అంశానికి కజకిస్తాన్ ఎటు ఓటేసిందో రాయించండి.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండి. అక్కడ డబ్బు, తిండి, చలి గురించి కూడా?

జవాబు 3 – నెదర్లాండ్స్‌లో ఉంటున్న తెలుగువారు

ట్రామ్, రైలుకి కాంటాక్ట్‌లెస్ (తాకిస్తే చెల్లింపయ్యే) వీసా కార్డు లేదా మాస్టర్‌కార్డ్ చాలు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తాకించాలి. ఒక కార్డు మీద ఇద్దరు వెళ్లడం కుదరదు, మనిషికో కార్డు కావాలి. బ్యాంక్ యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసుకుని బయల్దేరండి, లేకపోతే ఇక్కడికొచ్చాక ఓటీపీ రాక ఇరుక్కుంటారు.

ఆవకాయ తెచ్చుకోవచ్చు, లగేజీలో వేయండి. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి వద్దు, బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు యూరప్‌లోకి తేనివ్వరు.

చలి కన్నా గాలీ వానా ఎక్కువ ఇబ్బంది. గొడుగు తిరగబడుతుంది, టోపీ ఉన్న వాటర్‌ప్రూఫ్ కోటు కొనండి, సూటు మీద పట్టేంత వదులుగా. జనవరి చివర్లో తెల్లవారేది దాదాపు ఎనిమిదిన్నరకి. పొద్దున్నే చీకట్లోనే బయల్దేరాలి కాబట్టి బస ట్రామ్ స్టాప్‌కి నడిచే దూరంలో చూసుకోండి. ఛార్జర్ల సన్నటి రెండు పిన్నులు ఇక్కడి సాకెట్లో పడతాయి, మూడు పిన్నుల లాప్‌టాప్ ప్లగ్‌కే అడాప్టర్ కావాలి.