10×12 పడకగదికి ముదురు నీలం వేయొచ్చా? అల్మారా, మంచం కొలతలు కూడా చూసి చెప్పండి

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా పడకగది లోపలి కొలత 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. ఎత్తు 8 అడుగులు. పొడుగు గోడల్లో ఒకదానికి కిటికీ, దాని ఎదురు గోడకు తలుపు ఉన్నాయి. తలుపు చట్రం మూల నుంచి 27 అంగుళాల తర్వాత మొదలవుతుంది. ఇందులో 5 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవున్న మంచం, బట్టల అల్మారా, చిన్న రాతబల్ల పట్టాలి. మంచం తలవైపు గోడకు ముదురు నీలం వేయాలని నాకు చాలా ఇష్టం. ఇంట్లో వాళ్లేమో గది ఇరుకైపోతుంది, అన్ని గోడలకూ తెలుపే వేద్దాం అంటున్నారు. అల్మారాకు రేపోమాపో ఆర్డరివ్వాలి, అదే టెన్షన్. ఏం చేయమంటారు?

మొదటి సమాధానం:

రంగు సంగతి కాసేపు పక్కన పెట్టి ముందు టేపు తీయండి. గది నిజంగా ఇరుకవడం వేరు, ఇరుకుగా అనిపించడం వేరు. రంగు రెండోదాన్నే సర్దగలదు. మంచం పక్కన నడవడానికి చోటు లేకపోతే ఏ తెలుపూ ఆదుకోదు.

మీ గదిని అంగుళాల్లో చూద్దాం: 144×120. తలుపు దగ్గరున్న చిన్న గోడకు అల్మారా, ఎదురుగా ఉన్న చిన్న గోడకు మంచం తల పెట్టండి. అల్మారా లోతు 24 అంగుళాలు ఉండాలి. అంతకంటే తగ్గిస్తే హ్యాంగర్‌కు వేసిన చొక్కా భుజం తలుపు రెక్కకు తగులుతుంది. మంచం 78, హెడ్‌బోర్డ్ మందం 2 అనుకుందాం. 144లోంచి ఇవన్నీ తీసేస్తే మంచానికీ అల్మారాకూ మధ్య 40 అంగుళాలు మిగులుతాయి. సొరుగు 18 అంగుళాలు బయటికి లాగినా మనిషి నిలబడడానికి 22 ఉంటాయి. మంచానికి అటూ ఇటూ చెరో 30 అంగుళాలు. పక్క సర్దడానికి 24 ఉంటే చాలు కాబట్టి ఇక్కడ మీకు ఇబ్బంది లేదు.

రాతబల్లకు వేరే చోటు వెతకొద్దు. అల్మారాను గోడ పొడవునా చేయించకుండా 84 అంగుళాల దగ్గర ఆపండి. కిటికీ వైపు మిగిలిన 36 అంగుళాల్లో బల్ల సరిపోతుంది, వెలుతురు పక్క నుంచి పడుతుంది, కుర్చీ వెనక్కి జరపడానికి ఆ 40 అంగుళాలే పనికొస్తాయి.

తలుపు బందులు ఏ వైపున్నాయో చూసుకోండి. అల్మారా వైపు ఉంటే గది తలుపు తెరిచినప్పుడల్లా అల్మారా మొదటి రెక్కలకు అడ్డం పడుతుంది. బందులు మంచం వైపుకు మార్పించుకోవడం మేలు.

ఇంకో మాట. గోడ కొలత ఒక్కచోట తీసి ఆర్డరివ్వకండి. నేల దగ్గర, నడుము ఎత్తులో, పైన, మూడుచోట్లా కొలిచి అన్నిటికంటే చిన్నదాన్ని రాసుకోండి. ప్లాస్టరింగ్ ఎక్కడో ఒకచోట అర అంగుళం ఉబ్బి ఉండడం మామూలే. గోడ అడుగున అంటించే స్కర్టింగ్ పట్టీ ముందుకు వచ్చిన మందం కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మరో సభ్యురాలు:

పైన చెప్పిన అమరిక బాగుంది. రంగు గురించి నేను చెప్తాను.

నీలం వేయండి, ఒక్క గోడకే. అయితే ఇంట్లో వాళ్ల భయం ఊరికే వచ్చింది కాదు. షేడ్ కార్డుల మీద చాలాసార్లు ఎల్‌ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది. పడిన వెలుతురులో ఆ రంగు ఎంత తిప్పి ఇస్తుందో 0 నుంచి 100 లోపు చెప్పే కొలత అది. మంచి ఆఫ్‌వైట్‌కు 80 పైన ఉంటుంది, ముదురు నేవీ నీలానికి 10 కూడా ఉండదు. నాలుగు గోడలకూ నీలం వేస్తే పట్టపగలే లైటు వేసుకోవాలి. ఒక్క గోడకైతే మిగతా మూడూ, సీలింగూ ఆ లోటు పూడుస్తాయి.

మీరు అడగని గోడ ఒకటుంది, అదే అల్మారా. ఏడడుగుల వెడల్పున దాదాపు సీలింగ్ దాకా లేస్తే అది యాభై చదరపు అడుగులు దాటుతుంది. పడుకున్నవాళ్ల కళ్లెదుట ఎప్పుడూ ఉండేది అదే. దానికి కూడా ముదురు లామినేట్ (చెక్క మీద అంటించే రంగు షీటు) వేస్తే మీ వాళ్లు అన్నట్టే గది మూసుకుపోతుంది. మిగతా గోడల రంగులోనే ఎంచుకోండి, అల్మారా గోడలో కలిసిపోతుంది.

మీ కిటికీ నీలం గోడకు పక్క గోడలో ఉంది కాబట్టి వెలుతురు ఆ గోడను రాసుకుంటూ వెళ్తుంది. అలాంటి వెలుగులో పుట్టీ పట్టిన ప్రతి గీతా, ప్రతి గుంటా కనబడుతుంది. ముదురు రంగు, పైగా మెరుపు ఉంటే మరీను. పుట్టీ పని దగ్గరుండి చేయించి, ఫినిష్ మాత్రం మ్యాటే తీసుకోండి.

షేడ్ కార్డులోని చిన్న ముక్క చూసి నిర్ణయించొద్దు. రెండడుగుల అట్ట మీద రెండు కోట్లు వేసి బాగా ఆరనిచ్చి, మంచం గోడకు ఆనించండి. పక్కనే మీ లామినేట్ ముక్క, కర్టెన్ గుడ్డ పెట్టండి. పక్కనున్న రంగు మన కంటిని మార్చేస్తుంది. పారిస్‌లోని గోబెలిన్స్ నేత కార్ఖానాలో నలుపు దారం వెలవెలబోతోందని ఫిర్యాదు వస్తే, అక్కడి అద్దకాల అధికారి షెవ్రుల్ పరీక్షించి చూశారు. లోపం అద్దకంలో లేదు, పక్కన నేసిన నీలం, ఊదా రంగుల వల్ల అలా కనిపించింది. 1839లో ఆయన దీని మీద పెద్ద పుస్తకమే వేశారు.

అట్టను పొద్దున, మధ్యాహ్నం చూసి, రాత్రి మీరు వాడబోయే బల్బు కింద కూడా చూడండి. బల్బు వెలుగు రంగును కెల్విన్ అంకెతో చెప్తారు: 2700 కెల్విన్ పసుపు వెలుగులో నీలం మసకబారి బూడిదకు తిరుగుతుంది, 6500 తెల్ల వెలుగులో చల్లగా, కొట్టొచ్చినట్టు ఉంటుంది. పడకగదికి పసుపు లైటే హాయి కాబట్టి ఆ వెలుగులో మీకు నచ్చిన నీలాన్నే ఖాయం చేసుకోండి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ చాలా థాంక్సండీ. బందులు అల్మారా వైపే ఉన్నాయి, మార్పిస్తాను. ఇంకో రెండు సందేహాలు. అల్మారా 94 అంగుళాల ఎత్తు పెట్టొచ్చా? నీలం రంగు ఎంత కొనాలి?

మొదటి సమాధానం ఇచ్చినవారు:

94 ఎత్తు ఒకే పెట్టెగా వద్దండీ. పడుకోబెట్టి బిగించి నిలబెడతారు కదా, లేపేటప్పుడు మూల నుంచి మూలకు ఉన్న కొలత సీలింగ్ కింద తిరగాలి. 94 ఎత్తు, 24 లోతుకు అది 97 అంగుళాలు వస్తుంది, మీ సీలింగ్ 96. కింద 78 అంగుళాల పెట్టె, పైన 16 అంగుళాల లాఫ్ట్ పెట్టె విడివిడిగా చేయించండి.

రంగుకు మీ గోడ 10×8, అంటే 80 చదరపు అడుగులు. రెండు కోట్లకు 160. డబ్బా మీద లీటరుకు ఒక కోటు ఎన్ని చదరపు అడుగులు వస్తుందో రాసి ఉంటుంది, దాంతో భాగించండి. ముదురు రంగులు ఒక్కోసారి మూడో కోటు అడుగుతాయి కాబట్టి దానికీ కలుపుకొని మొత్తం ఒకేసారి కలిపించుకోండి. తర్వాత మళ్లీ కలిపిస్తే ఛాయ కొద్దిగా తేడా వచ్చి, గోడ మధ్యలో అతుకు కనిపిస్తుంది.