అప్‌డేట్: నాన్నగారి కంప్యూటర్‌లో వైరస్ హెచ్చరికల సంగతి

దిల్‌సుఖ్‌నగర్‌లో నాన్నగారి కంప్యూటర్ తెర మూలన ‘వైరస్ సోకింది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని మాటిమాటికీ వస్తోందని అడిగాను కదా. సమస్య తీరింది. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

కొందరు ఊహించినట్లే అవి విండోస్ ఇచ్చిన హెచ్చరికలు కావు. ఏదో వెబ్‌సైట్ క్రోమ్ బ్రౌజర్‌లో నోటిఫికేషన్ల అనుమతి సంపాదించి పంపుతున్నవి. సైట్ సెట్టింగ్స్‌లో ఆ అనుమతి తీసేయగానే ఆగిపోయాయి. పెద్దవాళ్లను ఇలా బెదిరించి డబ్బు గుంజేవాళ్లను తలచుకుంటే ఒళ్లు మండుతోంది.

అంతటితో వదలకుండా, విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌తో ఆఫ్‌లైన్ స్కాన్ కూడా నడిపాను. విండోస్ మొదలవకముందే పనిచేస్తుంది కాబట్టి, మామూలు స్కాన్‌కు చిక్కనివి దీనికి దొరకవచ్చు. బంధువుల అబ్బాయి ఎక్కించిన దొంగ కాపీ ఆటలో పాస్‌వర్డ్‌లు దొంగిలించే ట్రోజన్ అనే హానికర ప్రోగ్రామ్ బయటపడింది! ఇలాంటివి బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లతోపాటు లాగిన్ కుకీలనూ (పాస్‌వర్డ్ మళ్లీ అడగకుండా మనల్ని లాగిన్‌లో ఉంచే చిన్న ఫైళ్లు) ఎత్తుకుపోతాయి. అందుకే పాస్‌వర్డ్‌లన్నీ నా ఫోన్ నుంచే మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయించాను. బ్యాంకు డబ్బు భద్రంగానే ఉంది. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా పిలవాల్సిన సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరును నాన్నగారి డైరీలో రాసిపెట్టాను.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ కొని ఫోటోలు, పత్రాలు అందులోకి ఎక్కించాను. తర్వాత పాతదంతా తుడిచి విండోస్ 11 వేశాను. ఎందుకంటే విండోస్ 10కు మామూలు మద్దతు (భద్రతా అప్‌డేట్లు వగైరా) 2025 అక్టోబర్ 14తోనే ముగిసింది. రోజువారీ వాడకానికి నాన్నగారికి అడ్మిన్ హక్కులు (కంప్యూటర్‌లో కీలక మార్పులు చేసే అధికారం) లేని ఖాతా ఇచ్చాను. డిస్క్ మాత్రం బీరువాలోనే ఉంటుంది. తగిలించి ఉంచితే, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేసేస్తుంది.