జర్మన్ ‘వేర్డెన్’: అర్థాలు, మూలం

కొత్త విద్యార్థి:
జర్మన్ బి1 (మధ్యస్థాయి) పాఠాలలో ‘వేర్డెన్’ క్రియ మూడు రకాలుగా ఎదురవుతోంది. ‘ఎర్ విర్ట్ లేరర్’ అంటే అతడు ఉపాధ్యాయుడవుతాడు, ‘ఎర్ విర్ట్ కొమెన్’ అంటే అతడు వస్తాడు, ‘దాస్ హౌస్ విర్ట్ గెబౌట్’ అంటే ఇల్లు కడుతున్నారు. వీటన్నిటికీ మూలం ఒకటేనా? తెలిసినవారు వివరించగలరు.

సంస్కృతాభిమాని:
ఒకటేనండీ. జర్మన్, డచ్, స్వీడిష్, ఆంగ్లం వంటి భాషలకు మూలమైన ఆదిమ జర్మానిక్‌లో దాని రూపం ‘వెర్థన్’. దాని వెనుకనున్న ఇండో-యూరోపియన్ ధాతువుకు తిరగడం అని అర్థం. సంస్కృత ‘వృత్’ ధాతువు, లాటిన్ ‘వెర్తెరె’ అక్కడి నుంచి వచ్చినవే కనుక, మనం రోజూ పలికే వర్తమానం, పరివర్తన, ప్రవర్తన అనే మాటలకు ఈ క్రియ దూరపు చుట్టం. తిరగడం అవడంగా ఎలా మారిందన్న సందేహం మనకు రానక్కరలేదు. మామిడికాయ రంగు తిరిగిందని మనమూ అంటాము కదా.

లైడెన్ వాసి:
డచ్‌లో ‘వోర్డెన్’ అవడానికీ, కర్మణి ప్రయోగానికీ వస్తుంది. భవిష్యత్తుకు ‘జుల్లెన్’, ‘గాన్’ ఉన్నాయి. రెండు భాషలూ నేర్చేవారు తడబడేది వేరొక చోట. ఇల్లు కట్టడం పూర్తయిందని చెప్పేటప్పుడు డచ్‌వారు ‘కట్టబడిన’ అనే రూపంతోనే ఆపేస్తారు గాని, జర్మన్‌లో చివర ‘వోర్డెన్’ చేర్చాలి, అదీ ‘గె’ లేకుండా. ఉపాధ్యాయుడయ్యాడు అనేటప్పుడు మాత్రం ‘గెవోర్డెన్’ అనాలి. ఈ తేడా నాకు వ్యాకరణ సూత్రాల కన్నా వార్తలు వినడం వల్లనే పట్టుబడింది.

ఉప్సాలా విద్యార్థిని:
స్వీడిష్‌లో ‘వార్దా’ పాతబడిపోయి, మధ్యయుగాలలో ఉత్తర జర్మనీ భాష అయిన లో-జర్మన్ నుంచి వచ్చిన ‘బ్లీ’ దాని చోటును ఆక్రమించింది. విచిత్రమేమిటంటే ఆ మాటకు మొదటి అర్థం ఉండిపోవడం. ఐస్‌లాండిక్‌లో మాత్రం ‘వెర్దా’ నేటికీ వాడుకలో ఉంది. అవడంతో పాటు తప్పనిసరి అనే అర్థాన్నీ ఇస్తుంది.

కొత్త విద్యార్థి:
ధన్యవాదాలండీ. మరి ఆంగ్లంలో ఏమైంది?

సంస్కృతాభిమాని:
క్రియ నశించింది. విధి అనే అర్థమున్న ‘వుర్డ్’ అనే దాని బంధుపదం మాత్రం నేటి ‘వియర్డ్’గా మిగిలింది. ప్రాచీన ఆంగ్లంలో భూతకాల ఏకవచనం ‘వేయర్థ్’, బహువచనం ‘వుర్డొన్’. ఈ ‘థ’ అక్కడ ‘డ’ ఎందుకయిందో డెన్మార్క్ పండితుడు కార్ల్ వెర్నర్ 1877లో అచ్చయిన వ్యాసంలో వేదస్వరం (వేదమంత్రాలలో అక్షరాలను పలికే స్వరస్థాయి) ఆధారంగా నిరూపించాడు. ‘వృత్’ భూతకాల ఏకవచనం ‘వవర్త’లో ఉదాత్తం (హెచ్చుస్వరం) ధాతువు మీద ఉంటుంది, బహువచనం ‘వవృతిమ’లో చివరి అక్షరం మీదికి పోతుంది, స్వరం అలా ధాతువును విడిచిన రూపాలలోనే జర్మానిక్‌లో హల్లు నాదం (గొంతులోని కంపనం) పొందింది.