125 సీసీ బండికి 14 వేల హెల్మెట్, జాకెట్ అవసరమా?

నకిరేకల్ పోరడు:
రోజూ 65 నంబర్ హైవే మీద చౌటుప్పల్ కంపెనీకి పోయి వస్తా. మంచి హెల్మెట్ 5 వేలు, మెష్ జాకెట్ (గాలి ఆడే జాలీ బట్టది) 9 వేలు చెప్తున్నారు. నాలుగైదేళ్లు వాడితే గిట్టుబాటు అవుతుందా? మా నాయన మాత్రం పైసలు కాల్వల పోసినట్టే అంటున్నాడు.

మీసాలన్న మిర్యాలగూడ:
కొను తమ్మీ. పోయిన యాసంగి కోతలప్పుడు రాత్రి పూట హాలియా దాటినంక రోడ్డు మీద వడ్లు ఆరబోసి, నల్ల పట్టా కప్పి, చుట్టూ రాళ్లు పెట్టిండ్రు. లైటు వెలుగులో పట్టా ఏదో తారు ఏదో తెలియలేదు, రాయి ఎక్కి పడ్డా. మోచేతి దగ్గర జాకెట్ బట్ట మొత్తం అరిగిపోయి లోపలి ఆర్మర్ (దెబ్బ తగలకుండా పెట్టే గట్టి ప్యాడ్) బయటపడింది కానీ చేతికి గీత కూడా పడలేదు. 8,400కు కొన్న జాకెట్, ఆరేళ్లు వాడిన. ఏడాదికి 1,400.

పాలమూరు లెక్కల సారు:
అంటే ఒక్కసారి పడితే జాకెట్ పోయింది. హెల్మెట్ కూడా మార్చే ఉంటారు. పడకపోయినా ఐదేళ్లకు మార్చాలంటారు కదా. అదేమన్నా పాల ప్యాకెటా డేటు చూసి పారేయడానికి? మా ఇంట్లో పదేళ్ల హెల్మెట్ ఉంది, రాయిలా ఉంది.

ఎండదెబ్బ:
మే నెలలో నల్లగొండలో జాకెట్టా? ఉడికిపోతావ్ బ్రో.

మీసాలన్న మిర్యాలగూడ:
మెష్ కింద బనియన్ తడిపి వేసుకో, గాలి తగిలినంతసేపూ చల్లగా ఉంటది. సారూ, రాయిలా ఉన్నది పై డొప్ప. ప్రాణం కాపాడేది లోపలి థర్మాకోల్ పొర. దెబ్బ తగిలితే అది నలిగి, తలకు పోయే దెబ్బను తాను తీసుకుంటది. ఒకసారి నలిగితే మళ్లీ లేవదు. ఐదేళ్లు కంపెనీలు చెప్పే లెక్క అనుకోండి, కానీ రోజూ ఎండ, చెమట తగిలితే ఏదైనా పాడవ్వదా?

పాలమూరు లెక్కల సారు:
కంపెనీల లెక్క అని మీరే ఒప్పుకున్నారు. చాలు.

కోదాడ 99:
2021 జూన్ నుంచి ఐఎస్ఐ మార్కు లేని హెల్మెట్ అమ్మకూడదు. అయినా రోడ్డు పక్కన 300కు దొరుకుతూనే ఉంది, స్టిక్కర్ కూడా వాళ్లే అంటించి ఇస్తారు.

మీసాలన్న మిర్యాలగూడ:
సారూ, పదేళ్ల హెల్మెట్ పెట్టుకుని పిల్లలకు ఏం పాఠం చెప్తారండీ మీరు?

పాలమూరు లెక్కల సారు:
మాట జాగ్రత్త. నువ్వు ఒక్కడివే సాగర్ అని, శ్రీశైలం ఘాట్ అని సరదాకి తిరుగుతావు, నీకు 14 వేలు లెక్క కాదు. నా బండి మీద ముందు పాప, వెనక మా ఆవిడ ఉంటారు. అంత డబ్బు నా ఒక్కడి ఒంటికి తొడుక్కుని, ఆమెను కొంగు నెత్తికి చుట్టుకోమనాలా? రెండేళ్ల కింద జడ్చర్ల దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద ఆమె వెనక్కి పడింది. హెల్మెట్ ఉన్నది నా నెత్తికి, తొమ్మిది కుట్లు పడ్డది ఆమె నెత్తికి. హెల్మెట్, జాకెట్ అని ఎవరన్నా అంటే నాకు ఆ ఆస్పత్రి బల్లే గుర్తొస్తది.

ఎండదెబ్బ:
😶

మీసాలన్న మిర్యాలగూడ:
సారూ, తప్పయింది. మేడంకు ఇప్పుడు బాగుందా? నిజం చెప్పాలంటే మా ఇంట్లో కూడా రెండో హెల్మెట్ లేదు. మా ఆవిడ జుట్టు చెదురుతుందంటే సరే అని వదిలేసిన.

కోదాడ 99:
వెనక కూర్చున్నవాళ్లకూ చట్టం అదే. నాలుగేళ్ల లోపు పిల్లలుంటే వాళ్లకు హెల్మెట్, వాళ్లను నడిపేవాళ్లకు కలిపి కట్టే బెల్టు ఉండాలి, స్పీడు 40 దాటకూడదు.

నకిరేకల్ పోరడు:
అయితే జాకెట్ తర్వాత చూస్తా. ముందు ఐఎస్ఐవి రెండు తీసుకుంటా, ఒకటి మా అమ్మకు. వారం వారం నార్కట్‌పల్లి సంతకు నాతోనే వస్తది.

పాలమూరు లెక్కల సారు:
అమ్మ తల చుట్టూ, నుదుటి మీదుగా టేపుతో కొలిచి తీసుకో, వదులుగా ఉంటే ఊడిపోతది. ఇప్పుడు బాగానే ఉంది మీసాలన్నా. ఐదేళ్ల డేటు మాత్రం నేను ఒప్పుకోను.