2,600 కిలోల బండికి ఎంత కెపాసిటీ వించ్ పెట్టాలి?

మట్టిదారి:
నాది ఫోర్ బై ఫోర్ డీజిల్ బండి. ఖాళీగా 2,000 కిలోలు. నలుగురం ఎక్కి టెంటు, నీళ్లు, రెండో స్టెప్నీ అన్నీ పెట్టాక కాటా వేయిస్తే 2,600 వచ్చింది. పోయిన వానాకాలం వాగు గట్టు దగ్గర ఇరుక్కుని, చీకటి పడేదాకా పారతో తవ్వాను. అందుకే వించ్, అంటే డ్రమ్‌కు చుట్టిన తాడుతో ఇరుక్కున్న బండిని లాగే మోటారు యంత్రం, పెట్టించాలనుకుంటున్నా. 8,000 పౌండ్లదంటే సుమారు 3,600 కిలోలు లాగుతుంది. నా బండి కంటే వెయ్యి కిలోలు ఎక్కువే కదా, చాలదా? ఫిట్టింగ్ చేసే ఆయనేమో 12,000ది పెట్టించుకోండి, టెన్షన్ ఉండదు అంటున్నారు.

నాలుగుచక్రాలు:
లోడుతో ఉన్న బరువుకు ఒకటిన్నర రెట్లు చూసుకోండి. 2,600కి 3,900 కిలోలు, అంటే 8,600 పౌండ్లు. ఆ పైన ఎక్కువగా దొరికేది 9,500. అదే తీసుకోండి.

పాతజీపు:
తమ్ముడూ, నువ్వు వేసిన లెక్కే ఒకప్పుడు నేనూ వేశాను. మా బండి కూడా దాదాపు నీ బండంతే. 8,000ది పెట్టించాను. మొదటిసారి అవసరం పడినప్పుడు బురద చక్రాలు మునిగేదాకా ఉంది, ముందు ఎక్కుడు. ఐదారు మీటర్లలోనే చెట్టు కనిపిస్తే దానికి కట్టి స్విచ్ నొక్కాను. మోటారు మూలిగింది, బండి కదల్లేదు. వించ్ పాడైపోయిందేమోనని భయపడ్డాను, పిల్లలు లోపలే ఉన్నారు.

పాడవలేదు. డబ్బా మీద రాసే కెపాసిటీ డ్రమ్ మీద తాడు మొదటి వరసలో ఉన్నప్పటిది. పైన ఒక్కో వరస పెరిగేకొద్దీ సుమారు పది శాతం చొప్పున బలం తగ్గుతుంది. చెట్టు దగ్గరే ఉంది కాబట్టి తాడంతా డ్రమ్ మీదే ఉండిపోయింది. నాలుగో వరసలో నా 3,600 కాస్తా 2,500కి పడిపోయింది. బురద చక్రాల ఎత్తు ఉంటే లాగడానికి బండి బరువంత బలం కావాలి, బానెట్ పక్కల దాకా వస్తే రెండింతలు. 30 డిగ్రీల ఎక్కుడైతే బండి బరువులో సగం దానికి కలుస్తుంది. ఇక ఎలా వస్తుంది?

చివరికి స్నాచ్ బ్లాక్, అంటే తాడును వెనక్కి తిప్పే కప్పీ, బయటకు తీశాను. చెట్టుకు వెడల్పాటి పట్టీ చుట్టి, దానికి బ్లాక్ తగిలించి, తాడును దాని గుండా వెనక్కి తెచ్చి బండి హుక్కుకే కట్టాను. లాగే బలం రెట్టింపయింది, వేగం సగమైంది. పైగా తాడు ఎక్కువ బయటకు వచ్చింది కాబట్టి కింది వరసలు దొరికాయి. మెల్లగా, ఇంచు ఇంచుగా బయటపడ్డాం. చెట్టు మీద పడే బరువు కూడా రెట్టింపవుతుంది, అందుకే గట్టి చెట్టే చూసుకోవాలి. 9,500ది తీసుకో, దాంతోపాటు స్నాచ్ బ్లాక్ తప్పకుండా కొను. అది లేకుండా బయల్దేరొద్దు.

మట్టిదారి:
అన్నా, వరసల సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మరి 12,000ది పెడితే ఈ లెక్కల బాధే ఉండదు కదా?

వైరింగ్‌పని:
బలానికి కొరత ఉండదు. కానీ బరువంతా ముందు యాక్సిల్ మీద పడుతుంది, ముందు స్ప్రింగులు కుంగుతాయి. బండి ఎక్కువ కాలం తిరిగేది మామూలు రోడ్డు మీదే కదా. ఇంకోటి, ఈ సైజు వించ్ ఏదైనా ఫుల్ లోడులో 12 వోల్టుల మీద సుమారు 400 ఆంపియర్లు గుంజుతుంది. ఇంజిన్‌తో తిరిగి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ అంత ఇవ్వలేదు, మిగతాదంతా బ్యాటరీయే భరించాలి. ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, ఒక నిమిషం లాగాక మోటారును చల్లారనివ్వండి. కేబుళ్లు సన్నవైతే వించ్ ఎంత పెద్దదైనా దండగే. స్టీలు తాడైతే డ్రమ్ మీద కనీసం ఐదు చుట్లు ఉండనివ్వండి, సింథటిక్ అయితే ఎనిమిది. లాగేటప్పుడు తాడు మీద బరువైన దుప్పటి వేయండి, దగ్గర్లో ఎవరినీ నిలబడనివ్వకండి.

మట్టిదారి:
9,500, సింథటిక్ తాడు, స్నాచ్ బ్లాక్. ముందు బంపర్ ఊడదీసి, మౌంటింగ్ ప్లేటు ఛాసిస్‌కే బోల్టు అవుతుందో లేదో చూసి చెబుతాను.