నాజీ ప్రచార చిత్రాల్లో నటించిన బ్రిగిట్టే మీరాను ఎలా చూడాలి?

పాతతెర:
1910లో హాంబర్గ్‌లో పుట్టి, 2005లో బెర్లిన్‌లో కన్నుమూసిన జర్మన్ నటి బ్రిగిట్టే మీరాను మనలో చాలామంది ఒక్క పాత్రతోనే గుర్తుపడతారు. దర్శకుడు ఫాస్‌బిండర్ 1974లో తీసిన ‘అలీ: ఫియర్ ఈట్స్ ద సోల్’లో, తనకంటే ఎంతో చిన్నవాడైన మొరాకో కార్మికుణ్ణి పెళ్లాడిన పాచిపని మనిషి ఎమ్మీ పాత్ర అది. అయితే యుద్ధకాలంలో నాజీ ప్రభుత్వం సినిమా హాళ్లలో చూపించిన ‘లీజే ఉంట్ మీజే’ చిట్టి చిత్రాల్లో మీజే కూడా ఆమే. లీజే ప్రభుత్వం మెచ్చే ఇల్లాలు. మీజే శత్రుదేశాల రేడియో వింటూ నోరు జారే మనిషి. ఆ రేడియో విన్నవారిని జైలుకు పంపుతున్న రోజుల్లో, ఆ బెదిరింపును నవ్వులలో కలిపి జనానికి ఎక్కించిన పనిలో ఆమెకు బాధ్యత లేదని నేను అనలేను.

వెన్నెలవాడ:
పాతతెర గారూ, ఆమె తండ్రి యూదుడన్న సంగతిని మీరు వదిలేశారు. ఆ పుట్టుకను దాచుకుని రంగస్థలం మీద బతుకుతున్న నటి, ప్రభుత్వం ఇచ్చిన వేషాన్ని కాదంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. పైగా ప్రేక్షకులకు లీజే కంటే మీజేయే నచ్చిందని, అందుకే ఆ చిత్రాలను ఆపేశారని చెబుతారు.

కృష్ణాతీరం:
ప్రాణభయం నిజమే కాని, మీజే జనానికి నచ్చడాన్ని ఆమె చేసిన తిరుగుబాటుగా లెక్కగట్టడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే ఆపరెట్టాల్లో (పాటలతో సాగే తేలికపాటి హాస్య సంగీత నాటకాల్లో) ఆరితేరిన హాస్యనటి ఏ వేషం కట్టినా జనం నవ్వుతారు. నా దృష్టిలో అసలు విషయం ఎమ్మీలో ఉంది. రిజిస్టర్ పెళ్లి అయ్యాక ఎమ్మీ తన భర్తను ఒకప్పుడు హిట్లర్ భోంచేసిన మ్యూనిక్ హోటలుకు తీసుకెళుతుంది. అక్కడ తినాలని తనకు ఎప్పటినుంచో కోరిక అని ఆమె చెప్పే తీరులో సిగ్గూ లేదు, ద్వేషమూ లేదు. పండగపూట ముచ్చట తీర్చుకుంటున్న సంబరమే ఉంది. తానూ నాజీ పార్టీలో ఉన్నానని, దాదాపు అందరూ ఉన్నారని ఎమ్మీ ఎంత మామూలుగా చెబుతుందో గమనించండి. ఆ మాటలు పలుకుతున్నది యూదు తండ్రికి పుట్టిన నటి. తోటి పనివాళ్లు వెలివేస్తే మెట్ల మీద ఒంటరిగా కూర్చున్న ఎమ్మీ, అప్పటి యుగోస్లావియాలోని హెర్జెగోవినా నుంచి కొత్త పనిమనిషి వచ్చాక అదే వాళ్లతో కలిసి ఆమెను దూరం పెడుతుంది. ఆ సన్నివేశంలో మీరా ప్రేక్షకుల జాలి కోసం కొంచెం కూడా ప్రయత్నించలేదు. అరవై దాటాక ఆమెకు జర్మన్ చలనచిత్ర పురస్కారం దక్కిందంటే ఈ నిజాయితీ వల్లనే అని నమ్ముతాను.

పాతతెర:
హోటలు సన్నివేశం గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కాని ఆ సంభాషణ రాసింది ఫాస్‌బిండర్. ఎమ్మీ చెప్పినదాన్ని మీరా స్వయంగా చెప్పినట్టు తీసుకుంటే, మీజే చెప్పినదాన్ని కూడా అలాగే తీసుకోవాల్సి వస్తుంది. అందువల్ల రెండు పాత్రలనూ పక్కపక్కన పెట్టే ఆమె గురించి మాట్లాడాలని నా పట్టు.