సమస్యాపూరణం: కొడుకు పుట్టిన వేళలోఁ గుమిలెఁ దల్లి

సంచాలకుడు:
ఈ వారం తేటగీతి. దేవకీదేవితో అందరూ పూరించేస్తారు కాబట్టి ఒక షరతు పెడుతున్నా: బైబిల్ పాత నిబంధనలో ఈకాబోదు అనే పేరు ఎలా వచ్చిందో పద్యంలో రావాలి. మొదటి సమూయేలు 4వ అధ్యాయం చూడండి.

కృష్ణాతీరం:
మగఁడు పోరున నీల్గెను, మామ కూలెఁ
బీఠమందుండి వెనుకకు, విఱిగె మెడయు,
వార్త వినఁగానె నొప్పులు వచ్చిపడఁగఁ
గొడుకు పుట్టిన వేళలోఁ గుమిలెఁ దల్లి.

(మగడు ఫీనెహాసు, మామ 98 ఏళ్ల ఏలీ.)

సంచాలకుడు:
ధార బాగుంది, బీ–వి యతి చెల్లుతుంది. 'విఱిగె మెడయు' కళ్లకు కట్టింది. కానీ చావులు చెప్పి మందసాన్ని (ఇశ్రాయేలీయుల పవిత్రమైన దేవుని పెట్టెను) వదిలేశారు. కొడుకులిద్దరూ పోయారని విన్నా ఏలీ పడలేదు, మందసం పట్టుబడిందన్న మాట దగ్గరే పడ్డాడు. కోడలూ అంతే. 21వ వచనంలో మామా భర్తా కూడా ఉన్నారు, 22లో ఆఖరి మాటకు మందసం ఒక్కటే మిగిలింది. పైగా అసలు పేరే రాలేదు, షరతు తప్పింది.

తాటిముంజె:
మందసముఁ బట్టి శత్రులు మరలిపోవ,
'మహిమ పోయె, నిశ్రాయేలు మాసె' ననుచుఁ
బేరు పెట్టె నీకాబోదు బిడ్డ కపుడు,
కొడుకు పుట్టిన వేళలోఁ గుమిలెఁ దల్లి.

సంచాలకుడు:
ఇదీ పూరణ! హీబ్రూలో 'కావోద్' అంటే మహిమ. ముందున్న 'ఈ'ని కొందరు 'లేదు' అంటారు, కొందరు 'ఏది?' అంటారు. మీరు తల్లి మాటనే ఎత్తుకున్నారు, ఆ తగువు మనకు లేకుండా పోయింది. 'మాసె' మాత్రం యతి కోసం తెచ్చినట్టుంది. 'మధ్యనుండి' అంటే మూలానికి దగ్గరవుతుంది, కాకపోతే 'అనుచు'కి చోటు వెతకాలి.

కృష్ణాతీరం:
మందసం ఏడు నెలలకే తిరిగొచ్చింది కదండీ, పిల్లాడి పేరు ఎవరూ మార్చలేదా?

తాటిముంజె:
రాహేలు చనిపోతూ కొడుక్కి బెనోని అని పెడితే భర్త యాకోబు బెన్యామీను అని మార్చాడు. ఇక్కడ తండ్రి లేడు, తాత లేడు, తల్లీ పురిట్లోనే పోయింది. మొదటి సమూయేలు 14:3లో సౌలు రాజు దగ్గరున్న యాజకుడు అహీయా వంశం చెబుతూ, అతని తండ్రి అహీటూబును 'ఈకాబోదు సహోదరుడు' అన్నారు. అప్పటికీ అదే పేరు.

గోదారిగట్టు:
మూడో పాదాన్ని 'పెట్టె నీ కాబోదు' అని విడగొట్టి చదివానండి. మందసం పట్టుకుపోయిన ఫిలిష్తీయుడితో 'ఆ పెట్టె నీది కాదురా' అన్నట్టు లేదూ!

తాటిముంజె:
అనుకొని రాసిన శ్లేష కాదు గానీ, వచ్చాక వదులుకుంటానా!